గాజు ఒంపు

"మబ్బేస్తే కాయలెత్తాలి. మధ్యాహ్నానికల్లా వచ్చెయ్ అమ్మాయ్," అంది అత్తగారు మాణిక్యమ్మ. సరేనంది మల్లేశ్వరి. ఏడాది కారానికి సరిపడా మిరపకాయలు డాబా మీద పరిచి, చేతుల మంట తగ్గకుండానే కాలేజీకి బయల్దేరింది. అక్కడ ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరు ఆమె. ఆదివారమే వెళ్లాలి, గుంటూరులో పత్తి మిల్లులు ఆగిన రోజున గానీ కరెంటు నిలకడగా ఉండదు.

ఎక్స్‌రేలు గొట్టంలోంచి బయటపడగానే విసనకర్రలా విచ్చుకుపోతాయి. వాటిని సమాంతరంగా నడిపించాలని ఎనిమిది నెలలుగా ఆమె తంటాలు. ఇరుకు సందుల్లోంచి పంపితే కిరణాలు దాదాపు మిగలవు. అందుకని పలుచని గాజుపలకను మరమేకులతో కొద్దికొద్దిగా వంచి, ఆ ఒంపును రాసుకుంటూ అవి జారిపోయేలా అమర్చింది. "అదేమన్నా కూర వండుతుందా?" అనేవాడు భర్త సీతారామాంజనేయులు.

ఆ మధ్యాహ్నం ఒక ఫిల్ము గాజు దగ్గరా, ఇంకొకటి గది చివరా పెట్టింది. కడిగి చూస్తే రెండింటి మీదా గీత వెడల్పు ఒకటే. కిరణాలు విచ్చుకోలేదు! అప్పుడు వినబడింది వాన. వినబడినా, మళ్లీ ఒకసారి సరిచూసుకుందామని గంట ఆగింది.

ఆ గంటలోనే మాణిక్యమ్మ కాయలెత్తబోయి, మెట్ల మీద జారి, కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది.

"అప్పుడు నేను బ్రాడీపేట వెళ్లి ఉన్నాను. నువ్వు ఇంట్లో ఉంటే ఇలా జరిగేదా?" అన్నాడు భర్త. పిండికట్టుతో ఉన్న అత్తగారికి మల్లేశ్వరి పూటపూటా ముద్దలు కలిపి పెడుతుంటే, ఒక్కో ముద్దకీ ఆ వాన చప్పుడే చెవుల్లో. గీతలు సమానంగా వచ్చినప్పటి సంతోషం గుర్తొస్తే తన మీద తనకే అసహ్యం వేసేది. పదోరోజున భర్త చెప్పినట్టే రాజీనామా రాసింది. కానీ ఆ పూట అన్నం కలుపుతూ ఆగలేకపోయింది.

"అత్తయ్యా, వాన నాకు వినబడింది. వినబడే ఆగాను."

మాణిక్యమ్మ ఎడంచేత్తో కంచం పక్కకి జరిపింది.

"వాడికీ వినబడిందే. పక్కగదిలోనే పడుకున్నాడు. మూడుసార్లు పిలిచాను. 'మల్లేశ్వరి వస్తుందిలే' అని అటు తిరిగాడు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"కన్నకొడుకు గురించి ఎలా చెప్పనే? సిగ్గేసింది."

తన తప్పు తనదే. ఆ గంట ఆగింది తనే. అది ఎన్నటికీ పోదు. కానీ అతని వంతు కూడా ఇన్నాళ్లూ తనే మోసింది.

ఆదివారం పొద్దున అన్నం కలిపిన కంచాన్ని భర్త చేతుల్లో పెట్టింది.

"అత్తయ్యకు మీరు తినిపించండి. రాజీనామా ఇవ్వడం లేదు. నేనొచ్చేసరికి సాయంత్రమవుతుంది."