మారు కాయ

నా నోటికి జడిసి అంబాజీపేటలో కొబ్బరి దళారులే పక్కకి తప్పుకుంటారండి. మా ఆయన తాతారావు కాటా దగ్గర నిలబడతారు, బేరం మాత్రం నేనే ఆడతాను. వీరవేణి వస్తుందంటే కుళ్ళు కాయలు ముందే ఏరి పక్కన పెట్టేస్తారు. గొప్పకి చెప్పట్లేదండి. ఈ నోరే నన్ను నిలువునా ముంచింది, అది చెబుదామనే మొదలెట్టేను.

మా చెల్లెలు కుసుమ. దాని మొగుడు, పిల్ల పుట్టిన మూడో నెలలోనే, సఖినేటిపల్లి రేవులో పంటు పడవెక్కి నరసాపురంలో ఇంకోదాని కొంపకి చేరిపోయేడు, సచ్చినోడు. ఇక ఇది ఏం చేస్తుంది? పిల్లని ఏడో నెలలో నా ఒళ్ళో పెట్టి, ఇంటిపనికని కువైట్ వెళ్ళిపోయింది. రెండువేల ఆరులో మాట. పిల్ల పేరు హేమ. నాకు పిల్లల్లేరు, కాబట్టి ఒళ్ళు ఖాళీగానే ఉందనుకోండి.

వెళ్ళేముందు కుసుమ మెళ్ళో నానుతాడు అమ్మేసింది. ఆ డబ్బుతో కాకినాడలో ఓ కెమెరా, ఓ లాప్‌టాప్ కొనిపించింది. "అక్కా, నాకు ఫోటోలు పంపకు. చూస్తే అక్కడ ఉండలేను, పారిపోయి వచ్చేస్తాను. అన్నీ ఇందులో దాచు. మూడేళ్ళకి వచ్చి కూర్చుని అన్నీ ఒక్కసారే చూస్తాను" అంది. కొట్టువాడు ఇంకాస్త డబ్బు పుచ్చుకుని గ్యారంటీ మూడేళ్ళకి పొడిగించేడు. ఎర్ర అంచు కాగితం ఇచ్చేడు. ఆ కాగితం తీసుకెళ్ళి దేవుడి పటం వెనకాల పెట్టేను.

అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే దానియేలు అని ఓ కుర్రాడున్నాడు. నన్ను అక్కా అంటాడు. కెమెరాలో బొమ్మలు లాప్‌టాప్‌లోకి ఎలా ఎక్కించాలో వాడే నేర్పేడు. ఎక్కించడం, కెమెరాలోవి తుడిచెయ్యడం, మళ్ళీ తియ్యడం. హేమకి మొదటి పన్ను వచ్చింది, తీసేను. వసారాలో మొదటి అడుగేసింది, వీడియో తీసేను. అన్నప్రాసన నాడు కత్తి పట్టుకోబోయి పుస్తకం పట్టుకుంది, అదీ తీసేను. "కోడి" అనడం రాక "ఓది ఓది" అంటూ కోడిపుంజు వెంట పడింది, అదీ ఉంది. రెండేళ్ళ పిల్ల మొత్తం ఆ పెట్టెలో ఉందండి. ప్రతి శుక్రవారం దానికి కాస్త పసుపు, కుంకం పెట్టి దణ్ణం పెట్టేదాన్ని. నవ్వితే నవ్వండి. కాటాకి పెట్టమా, లారీకి పెట్టమా?

రెండువేల ఎనిమిది, శ్రావణమాసంలో ఆ లాప్‌టాప్ పడుకుంది. మీట నొక్కితే గుయ్యిమంటుంది, తెర మాత్రం వెలగదు. దానియేలు దగ్గరకి పట్టుకెళ్ళేను.

వాడు అటూ ఇటూ తిప్పి చూసేడు. "లోపల బోర్డు పోయుంటుందక్కా. సీలు విప్పితే ఫోటోలు బయటికి తీసేస్తాను, గంట పని. కాకపోతే సీలు విప్పేమంటే గ్యారంటీ పోద్ది."

"గ్యారంటీ పోవడమేంట్రా? నానుతాడు అమ్మి కొన్నది! సొమ్ము పుచ్చుకున్నోళ్ళే చేస్తారు, నువ్వు ముట్టుకోకు" అన్నాను.

వాడు ఆయ్ అని చెయ్యి తీసేసేడు. ఆ చెయ్యి తియ్యనివ్వకుండా ఉండాల్సింది.

ఇక మొదలైందండి కాకినాడ తిరుగుడు. అమలాపురం వెళ్ళడం, అక్కణ్ణుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా బస్సు. ఒళ్ళో లాప్‌టాప్, చంకలో హేమ. మొదటిసారి వెళ్తే ఆ సర్వీసు సెంటర్‌వాడు భూతద్దం పెట్టి చూసి, "లోపలికి చెమ్మ పోయిందండి, గ్యారంటీ వర్తించదు" అన్నాడు. కోనసీమలో శ్రావణమాసంలో చెమ్మ లేనిదెక్కడ్రా, నా ఎముకల్లో కూడా ఉంది అన్నాను. పెద్దాయన ఊళ్ళో లేరు, మళ్ళీ రమ్మన్నాడు. రెండోసారి మీటల సందుల్లో కుంకం దొరికింది వాడికి. "రంగుపొడి పోసేరు, ఇది వాడకంలో తప్పు" అన్నాడు. అమ్మవారి కుంకాన్ని పట్టుకుని రంగుపొడి! మూడోసారి వెళ్తే సీలు కదిలినట్టుందన్నాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదండి, నేనే ముట్టుకోనివ్వలేదు. మూడు మాటలూ అబద్ధాలే. ఎలాగోలా వదిలించుకుందామనే వాళ్ళ ఎత్తు. చెప్పులరిగిపోయేయి గానీ నేను వదల్లేదు. తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదురుతాయా?

నాలుగోసారి మా ఆయన్ని కూడా తీసుకెళ్ళేను. సెంటర్ నడిమధ్యన, వచ్చేపోయే జనం దారిలో, నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. "ఆడకూతురు మెళ్ళో బంగారం అమ్మి కొన్నది. మీ పెద్దాయన వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను, ఇక్కడే వండుకుంటాను" అని కేకలేసేను. సరుకు కొనుక్కుందామని వచ్చినోళ్ళు గుమ్మంలోంచే వెనక్కి తిరిగేరు. దాంతో పెద్దాయన లోపల్నుంచి ఊడిపడ్డాడు. మాణిక్యాలరావు అట. మర్యాదస్తుడే, కుర్చీ వేయించేడు, హేమకి బిస్కట్లిచ్చేడు.

"అమ్మగారూ, పొరపాటు మావాళ్ళదే. బోర్డు పోయింది. పదిహేను రోజుల్లో కొత్త బోర్డు వేసి, మీ లాప్‌టాప్ మీకిస్తాం" అన్నాడు.

అక్కడ ఆయ్ అని లేచి వచ్చేస్తే సరిపోయేదండి. నాకు అప్పటికే పూనకం వచ్చేసింది. గెలుస్తున్నానని తెలిసేక నేను ఆగలేను. బేరం బుద్ధి.

"ముక్క మారుస్తారా? మా అంబాజీపేటలో కాయ కుళ్ళితే చెక్క మార్చి ఇవ్వరండి, మారు కాయ ఇస్తారు. మూడు నెలలు తిప్పేరు నన్ను. పాత ముక్క ఒక్కటి కూడా నాకొద్దు. కొత్తది ఇవ్వండి, మొత్తం కొత్తది!"

ఆయన లోపలికెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చేడు. "సరేనమ్మా, కొత్తదే ఇస్తాం. కాకపోతే పాతది కంపెనీకి వెళ్ళిపోద్ది. అందులో ఉన్న ఫోటోలూ అవీ మీకు రావు. బోర్డు మార్పించుకుంటే మాత్రం అలాగే ఉంటాయి. ఆలోచించుకోండి."

నేను నవ్వేనండి. దేవుడి సాక్షిగా నవ్వేను. "చెమ్మ అయింది, కుంకం అయింది, సీలు అయింది. ఇప్పుడు ఫోటోలా? పిల్లని చూపించి బెదిరిస్తే కొత్తది అడక్కుండా పోతాననా? దీంట్లో ఎక్కించినవి దాంట్లో ఎక్కించలేరా? కెమెరాలోంచి నేనే ఎక్కిస్తున్నాను, చదువురాని దాన్ని!"

"మేం ఎక్కించకూడదమ్మా, మాకా అనుమతి లేదు."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "వేణీ, దానియేలుకి ఓసారి ఫోన్ చేసి కనుక్కుందామే."

"మీరూరుకోండి. మీలాంటోళ్ళుండబట్టే వీళ్ళు ఇలా తయారయ్యేరు" అని పదిమందిలో ఆయన్ని కసిరేను. కాగితం లాక్కుని సంతకం పెట్టేను. తిరుగుదారిలో బస్సంతా నా గెలుపే. పక్క సీటు ఆవిడక్కూడా పెట్టె విప్పి చూపించేను.

ఇంటికొచ్చి తెరిస్తే తెర మీద ఏదో పచ్చగడ్డి మైదానం, నీలం ఆకాశం. లోపల ఒక్క బొమ్మ లేదు. తెల్లారగానే దానియేలు కొట్టు ముందు కూర్చున్నాను.

జరిగిందంతా వాడికి చెప్పేను. వాడు మెల్లిగా అన్నాడు: "ఆయన నిజమే చెప్పేడక్కా. బోర్డు పోయినా ఫోటోలుండే డిస్కు వేరే. అది బాగానే ఉండుంటుంది."

పరుగున మళ్ళీ కాకినాడ వెళ్ళేను. పాతది ముందురోజే పార్శిల్లో వెళ్ళిపోయిందట. పెద్దాయన కంపెనీకి రెండు ఉత్తరాలు రాసేడు. పాత సరుకులో ఉన్నవన్నీ తుడిచేస్తారని జవాబొచ్చింది. నా సంతకం ఉన్న కాగితం చూపించేడు. గుండ్రటి అక్షరాలు, కింద గీత కూడా గీసేను. ఆయన గొంతులో ఎటకారం ఉంటే బాగుండేదండి, తిట్టుకోడానికి ఓ మనిషి దొరికేవాడు. మూడు అబద్ధాలు చెప్పినవాళ్ళు నాలుగోసారి నిజం చెప్పేరు. నేను నమ్మలేదు.

కుసుమ శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేది, అయిదు నిమిషాలు. ప్రతిసారీ అదే మాట, "అక్కా, ఫోటోలు జాగ్రత్తేనా?" నేను "ఆయ్, జాగ్రత్తేనే" అనేదాన్ని. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని నాకు తెలుసు. పదిమందికి చెప్తాను కూడా. దానికి మాత్రం చెప్పలేకపోయేను.

మరుసటి ఏడాది అది వచ్చింది. మనిషి సగమైపోయింది, చేతులు సబ్బునీళ్ళకి పగిలిపోయేయి. ఆటో దిగ్గానే హేమ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక్కి దాక్కుంది. కుసుమ చెయ్యి చాపబోయి వెనక్కి తీసేసుకుంది.

"దాన్ని బెదరగొట్టొద్దులే అక్కా. ముందు ఫోటోలన్నీ చూస్తాను. అప్పుడు దాని సంగతులన్నీ నాకు తెలుస్తాయిగా. అప్పుడు పిలుస్తాను."

కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చుంది. నేను లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టేను. కుసుమే మూత తెరిచింది. పచ్చగడ్డి మైదానం.

"ఇదేంటక్కా, ఎక్కడుంది పిల్ల?"

చెప్పేను. దానియేలు చెయ్యి తీసేసిన దగ్గర్నుంచి నా సంతకం దాకా చెప్పేను. నా జన్మలో అంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. అది తిడుతుందనుకున్నాను, తిడితే బతికేదాన్ని. ఆ గడ్డి వంకే చూస్తూ కూర్చుంది.

"పోన్లే అక్కా. నువ్వు చూసేవుగా, నువ్వు చెప్పు" అంది. "మొదటి అడుగు ఎక్కడేసింది?"

"వసారాలోనే."

"ఎవరి దగ్గరకి వచ్చింది? పడిందా? ఏడ్చిందా, నవ్విందా?"

నోరు తెరిచేను. ఏం లేదండి లోపల. ఆ పూట నేను కెమెరా పట్టుకుని ఎర్ర చుక్క వెలుగుతుందా లేదా అని చూస్తున్నాను. చుక్క గుర్తుంది. పిల్ల పడిందో లేదో తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

"గుర్తు లేదే" అన్నాను.

కుసుమ మూత దించేసింది. నా వెనకాల నుంచి హేమ తల బయటపెట్టి, నా కొంగు లాగింది.

"అమ్మా, ఈవిడ ఎప్పుడెళ్తాది?"

అంబాజీపేటంతా జడిసే నోరు నాది. జవాబు మాత్రం కుసుమే చెప్పింది, మర్యాదగా, పరాయి ఇంటి పిల్లకి చెప్పినట్టు.

"రెండు నెలలుంటానమ్మా. తర్వాత వెళ్ళిపోతాను."