తద్దినం నాటి తొంభై ఆరో గంట

"చేపపిల్లల గుండెలు లెక్కపెట్టే కోడలికి మామగారి తద్దినం ఎక్కడ గుర్తుంటుందిలే."

ఉల్లిపాయలు వలుస్తున్న లువాకి పొద్దున్నే అత్తగారు వడ్డించిన మొదటి మాట ఇది.

గుర్తుండకేం. కోడి కూయకముందే లేచి పంది మాంసం కొబ్బరినీళ్ళలో ఉడకేసింది. మధ్యాహ్నానికి నలభై మంది వస్తారు. మామగారి పటం ముందు పెట్టేదాకా ఎవరూ ఉప్పు కూడా చూడకూడదని అత్తగారి ఆన. అవన్నీ గుర్తున్నాయి. కాన్ థో పట్నంలో తను పనిచేసే ప్రయోగశాలలో ఆదివారం తొమ్మిదింటికి పురుగుమందు కలిపిన నీళ్ళలో పెట్టిన చేపగుడ్లూ గుర్తున్నాయి మరి. ఇవాళ తొమ్మిదింటికి తొంభై ఆరు గంటలు. అప్పుడు ఎన్ని బతికాయో చూసి రాయకపోతే అంతా మొదటికొస్తుంది. ఇప్పటికే రెండుసార్లు వచ్చింది, ఒకసారి మరిది నిశ్చితార్థానికి, ఒకసారి ఆడపడుచు పురుడికి. రెండుసార్లూ మొగుడు ఖాయ్ నవ్వుతూ ఒకటే అన్నాడు, "మళ్ళీ పెట్టుకో. గుడ్లకేం కరువు?" మూడోసారీ పోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ప్రయోగశాల పెద్దసారు చెప్పేశాడు. ఆ నీళ్ళలో కలిపింది తమ కాలవ పొడుగునా పొలాల్లో కొట్టే మందే. దాని సంగతి తేల్చే కాగితం మీద తన పేరు ఉండాలని లువా ఆశ.

ఎనిమిదిన్నరకి గరిటె ఖాయ్ చేతిలో పెట్టింది.

"ఆ బుల్లి చేపలు ఒక్క పూట ఆగలేవా?" అన్నాడతను.

"ఆగలేవు. మీ నాన్న ఆగుతారు."

అత్తగారి చేతిలో కత్తి ఆగిపోయింది. ఎంత మాట అనేశానని లువా నాలిక కరుచుకుంది. ముసలావిడ మాత్రం చేతులు కడుక్కుని హెల్మెట్ వెతుక్కుంది. "పద. అవెంత గొప్ప చేపలో నేనూ చూస్తా."

మైక్రోస్కోప్‌లో, మందు కలపని మంచినీళ్ళలో పెరిగిన చేపపిల్ల గుండె టకటకా కొట్టుకుంటోంది. "అమ్మ దొంగా, ఒళ్ళంతా అద్దమే," అని మురిసిపోయింది అత్తగారు. గాజు పళ్ళెంలో పక్క గుంటలోదాన్ని, మందునీళ్ళలోదాన్ని, చూసి నవ్వు మానేసింది. వెన్ను వంకరపోయి, గుండె ఉబ్బిపోయి ఉంది.

"ఏ మందిది?"

"మన పొలంలోదే అత్తమ్మా. డబ్బా మీద రాసిన మోతాదులో నూరో వంతు."

ఆవిడ తన అరచేతులు చూసుకుంది. "మేము బిందెలో పోసి చేత్తో కలిపేవాళ్ళం. ఖాయ్ కడుపులో ఉన్నప్పుడూ నేనే కలిపాను. మందు కొట్టింది మీ మామయ్య అని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. కలిపిందెవరని ఒక్కరూ అడగలేదే."

లువా పెన్సిలు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. తను చూసి చెబుతుంటే ఆవిడ గీతలు గీసింది, బతికినవి ఒక పక్క, పోయినవి ఒక పక్క.

సగంలో ఖాయ్ ఫోను. "అమ్మా, కూరలో ఉప్పెంత వెయ్యాలి?"

"రుచి చూసుకుని వెయ్యి."

"నాన్నకి పెట్టకుండా చూడకూడదుగా?"

"చూడరా, మీ నాన్న ఏమీ అనుకోడు," అంది అత్తగారు పెన్సిలు వదలకుండా. "మేం పనిలో ఉన్నాం."