గేటు దగ్గర పడ్డ పేరు

కొత్త వాచ్‌మన్ ఐలయ్య నా ఫోన్ నంబరు కొట్టగానే, గేటు దగ్గరి ట్యాబ్‌లో నా ఫోటో కింద డెలివరీ అని వచ్చింది.

"గిదేంది సార్? పాపకోసం వచ్చిన్నంటిరి, ఇది డెలివరీ అంటున్నది?"

మాదాపూర్‌లో ఉద్యోగం పోయాక, ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకే భోజనాలు మోస్తున్నాను. అక్కడి గేట్లలోనూ ఇదే దిక్కుమాలిన యాప్; అందులో నా నంబరు డెలివరీ కిందే ఎక్కింది. ఇక్కడ ప్రగతి నగర్‌లో పాత వాచ్‌మన్ ఉన్నన్నాళ్ళూ నా మొహం చూసి లోపలికి పంపేసేవాడు.

"తప్పు పడిందండీ, తీసెయ్యండి."

"మేడం ఫోన్‌కి పోయింది సార్ ఇగ. ఏం ఫికర్ చెయ్యకుండ్రి."

ఫికర్ చెయ్యొద్దట! మేడం అంటే భానుశ్రీ, నాకు విడాకులిచ్చిన భార్య. పాప ఖర్చులకు నెలనెలా పంపాల్సిన డబ్బు రెండు నెలలుగా పంపలేదు. ఉద్యోగం పోయిందని తెలిస్తే కోర్టుకెళ్ళి పాపతో నాకిచ్చిన ఆదివారాలు కూడా లాగేసుకుంటుందని భయం. అందుకే ప్రమోషన్ వచ్చిందని, బ్యాంకు ఖాతా మారుతోందని కోతలు కోశాను. నా తెలివికి నాకే దణ్ణం పెట్టాలి.

భానుశ్రీ ఒక్కతే దిగివచ్చింది. పాప లేదు.

"ఎప్పట్నుంచి ఇది?"

"జనవరిలో తీసేశారు."

"మరి ప్రమోషనో?"

"అబద్ధం చెప్పాను."

"చెప్పి చావొచ్చుగా!" అంది భానుశ్రీ. "జీతం పెరిగినా నాన్న కావాలనే ఎగ్గొడుతున్నాడని నిన్ననే పాపతో అనేశాను. ఆదర్శ్, అది రానంటే రానని పైనే కూర్చుంది."

ఇన్నాళ్ళూ భానుశ్రీకి భయపడ్డాను గానీ, పాప మనసు విరిగిపోతుందని ఒక్కనాడూ తోచలేదు.

ఐలయ్య ఇంటర్‌కమ్‌లో ఫ్లాట్ నంబరు నొక్కి, రిసీవర్ నా చేతికిచ్చాడు. "జర మీరే మాట్లాడుండ్రి సార్."

"అమ్మలూ, ఎగ్గొట్టలేదమ్మా. నాన్నకు ఉద్యోగం పోయింది. ఇళ్ళకు భోజనాలు తీసుకెళ్ళి ఇస్తున్నాను." కూరగాయల సంచులతో వెళ్తున్న ఇద్దరు ఆగి మరీ చూశారు. చూడనీ.

పాప ఫోన్ పెట్టేస్తుందేమోనని రిసీవర్ చెవికి అదిమిపట్టాను.

"మరి పోయిన వారం నాకు స్కేటింగ్ బూట్లు ఎందుకు కొన్నావ్?" అని అరిచి భోరుమంది. "డబ్బుల్లేవని చెప్తే నేనేమన్నా అడుగుతానా నాన్నా!"