జుల్ఫియా వాళ్ల పళ్లెం

గారెల పిండి చేత్తోనే పళ్లెం కడగబోయింది శేషమ్మ. అది జారి సింకులో పడి రెండు ముక్కలైంది.

మామూలు పళ్లెమైతే చింత లేకపోను. అమెరికాలో, బాతెల్‌లో కూతురు హాసిని పక్కింట్లో ఉండే జుల్ఫియా దాన్నిండా ఆప్రికాట్లు పంపింది. వాళ్లు ఉజ్బెకిస్తాన్‌లో ఏడు తరాల కుమ్మరులు. ఇక్కడా గరాజులో సారె, బట్టీ పెట్టుకున్నారు. పళ్లెం మీది నీలిపక్షిని చనిపోయిన వాళ్ల నాన్న గీశాడట. ఖాళీగా తిరిగివ్వడం బాగుండదని శేషమ్మ గారెలకు పూనుకుంది.

"హాసినికి చెప్పకండి బాబూ, అతికించండి," అని అల్లుణ్ణి బతిమాలింది.

"మీటింగ్‌లో ఉన్నానండీ అత్తయ్యగారూ."

"చేతులు ఖాళీయేగా!"

శ్రీకాంత్ మీటింగ్ వింటూనే అతికించాడు. పక్షి తల ఉన్న చిన్న పెచ్చు మాత్రం అప్పటికే సింకు గొట్టంలోకి పోయింది. అక్కడ కాస్త మైనం పూసి, నీలం మార్కర్‌తో కొత్త తల గీశాడు.

"బాతులా ఉంది బాబూ!"

"గారెలతో కప్పేయండి."

సాయంత్రం హాసినితో కలిసి పళ్లెం తీసుకెళ్లింది. జుల్ఫియా, వాళ్లమ్మ ఒక్కో గారే లాగిస్తుంటే శేషమ్మకు చెమటలు పట్టాయి. ఎవరొచ్చినా కొసరి కొసరి తినిపించే మనిషి, "ఇక చాలు, అరగదు," అంటూ అడ్డుపడింది. హాసిని తెల్లబోయింది.

ఆఖరి గారె లేచింది. ముసలావిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసి ఏదో అంది.

"ఈ బాతు ఎవరిదని అడుగుతోందమ్మా," అంది హాసిని, జుల్ఫియా ఇంగ్లీషును తెలుగులోకి మారుస్తూ.

శేషమ్మ బావురుమని మొత్తం చెప్పేసింది. ముసలావిడ పళ్లేన్ని చాలాసేపు తడిమింది. భర్త చెయ్యి తగిలిన చోటు కదా. తర్వాత గట్టిగా తీర్పు చెప్పింది: కుమ్మరింట్లో పళ్లెం పగలడం తప్పు కాదు, నేర్చుకోకుండా తమ పక్షిని గీయడం తప్పు. శనివారం అత్తా అల్లుడూ ఇద్దరూ గరాజుకు రావాలి.

వెళ్లారు. శ్రీకాంత్ కాగితం మీద వంద పక్షులు గీశాడు. ముసలావిడ ఒక్కొక్కటే చూసి మరో వంద కాగితాలు ఇచ్చింది. శేషమ్మ మట్టి నాలుగుసార్లు సారె మీదే కూలిపోయింది. ఐదోసారి చిన్న గిన్నె నిలిచింది.

రెండు వారాలకు, బట్టీలోంచి తీశాక ముసలావిడ దాన్ని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, పగుల్లేదని తలూపింది.

శేషమ్మ ఆ వంకర గిన్నెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుంది.

"ఓసారి ఇవ్వండి, చూస్తాను," అన్నాడు శ్రీకాంత్.

"దూరం నుంచి చూడండి బాబూ," అంది శేషమ్మ.