లైను ఉండంగానే

పాతపాళ్యలో అమరనాథ్‌కి ఉండే పేరు ఏందంటే, కరెంటు తియ్యకుండా పని చేసే మొగోడు అని. బాగేపల్లి నుంచి డిపార్ట్‌మెంటువాళ్ళు వచ్చేదానికి పూట పడుతుంది. వాళ్ళొస్తే ముందు లైను తీయిస్తారు. అమరనాథ్ అట్ల కాదు. ఫోను కొట్టంగానే బండేసుకొని వచ్చి, కటింగ్ ప్లేయరు పిడికి సైకిల్ ట్యూబు చుట్టుకొని, హవాయి చెప్పులతోనే కంబం ఎక్కేస్తాడు. కింద నిలబడినోళ్ళు "గుండె అంటే అమరప్పదే గుండె" అంటారు. మెచ్చుకునేదానికేం, నోరుంటే చాలు. పైకి ఎక్కేది వాళ్ళు కాదు కదా!

ఈ మెప్పులు వింటే ఆయన పెండ్లాం నేత్రకి ఒళ్ళు మండిపోతుంది. అమరనాథ్‌కి ఈ పని నేర్పించింది ఆమె అన్న నాగరాజే. పోయిన ఎండాకాలంలో మిట్టేమరి దగ్గర, ఇట్లే లైను ఉండంగానే బోల్టు బిగిస్తా, నాగరాజ్ కంబం మీదనే పాణం విడిచినాడు. బతికుండే మనిషి కోసరం తియ్యని లైను, శవాన్ని దించేదానికి తీసినారు. పెద్దదినానికి వచ్చినోళ్ళు వడలు తింటా "వాని రాత అట్లుండె, ఏం చేస్తాం" అన్నారు. రాతంట రాత! లైను తీసే హ్యాండిలు కిందికి లాగింటే మారిపోయే రాతని ఏ బ్రహ్మ రాసినాడో, ఆయప్పనే పట్టుకొని అడగాలనిపించింది నేత్రకి.

ఆ రోజే మొగుని చెయ్యి తన తల మీద పెట్టించుకొని ఒట్టు వేయించుకుంది, లైను తియ్యకుండా ఎక్కనని. అమరనాథ్ కండ్లనీళ్ళు పెట్టుకొనే వేసినాడు. నిజంగానే వేసినాడు పాపం.

ఈ పొద్దు ఆయన సంగటి ముందర కూర్చున్నప్పుడు వెంకటరామప్ప ఫోను చేసినాడు. అమరనాథ్‌కి వరసకి చిన్నాయన, ఊర్లో అందరికన్నా ఎక్కువ టమాట పెట్టినోడు. ఆయప్ప తోట పక్కనుండే టీసీ దగ్గర, అంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, ఒక వైరు లూజై నిప్పురవ్వలు రాలుతాండాయంట. అమరనాథ్ చెయ్యి కడుక్కొని లేచినాడు.

"లైను తీసినారా?" అనింది నేత్ర.

"ఆ, తీసేసినారంట," అన్నాడు చెప్పులు తొడుక్కుంటా, ఆమె మొగం చూడకుండా.

ఆయన పోయినంక నేత్ర గిన్నెలు తీసుకొని వాకిట్లోకి వచ్చింది. వాళ్ళ వాకిట్లో నిలబడితే వెంకటరామప్ప తోటలో నీళ్ళు నిలబెట్టే గుంట, కృషి హొండ, కనపడుతుంది. బోరు పైపులోంచి హొండలోకి నీళ్ళు దబదబా పడతానే ఉండాయి. లైను తీసింటే మోటరు యట్లా ఆడుతుంది? గిన్నెలు ఆడనే పారేసి చేన్లకడ్డంగా పరుగెత్తింది.

ఊర్లో ఎవురూ టీసీ కంబానికుండే ఆ హ్యాండిలు ముట్టరు. దానికో కారణం ఉండాది. త్రీఫేజు కరెంటు ఇచ్చేదే రోజులో రవ్వంతసేపు. ఒకసారి తీసి మల్ల వేస్తే, అందరి బోర్లకీ ఉండే ఆటోస్టార్టర్లు మోటర్లన్నిటినీ ఒక్కసారే లేపుతాయి, ఆ దెబ్బకి ఫ్యూజులు ఎగిరిపోతాయి. అన్ని బోర్ల దగ్గరికీ పోయి ఆటో తీసేసి రావచ్చు. దానికి ఎండలో నడవాల్ల. ఆ నడక తప్పించుకునేదానికి ఒక మనిషిని పైకి ఎక్కిస్తారు, అంతే!

నేత్ర పోయేపొద్దుకి అమరనాథ్ నిచ్చెన సగంలో ఉన్నాడు. కింద నలుగురైదుగురు తలలెత్తి చూస్తాండారు. ఆమె ఎవురితోనూ మాట్లాడలేదు. నేరుగా పోయి హ్యాండిలు పట్టుకొని, ఉన్న బలమంతా పెట్టి కిందికి గుంజింది. పైన టప్పుమనింది. హొండలో నీళ్ళ చప్పుడు నిలిచిపోయింది.

"ఏమ్మా, పిచ్చి గానీ పట్టిందా నీకు?" వెంకటరామప్ప అరిచినాడు. "కాయ కోతకొచ్చి ఉండాది. చింతామణి మార్కెట్లో రేటు ఉండేది ఇప్పుడే. చెట్టు వాడిపోతే ఎవురు ఇస్తారు?"

"నీ చెట్టు వాడకూడదని నా మొగుడు మాడిపోవాల్లనా మామా?"

పైనుంచి అమరనాథ్ పండ్లు కొరికినాడు. "నేత్రా, నలుగురిలో పరువు తియ్యద్దు. ఇంటికి పో."

"పరువంట! మా అన్న పరువుతోనే పోయినాడు. మా వదిన ఆ పరువునే పొయ్యి మీద పెట్టి పిల్లోళ్ళకి వండిపెడతాంది, పోయి చూసిరా. నా తల మీద చెయ్యి పెట్టి, మల్ల నాకే అబద్ధం చెప్పి వస్తావా? సిగ్గుండాదా నీకు?"

ఎవురో కిసుక్కుమన్నారు. నేత్ర అటు తిరిగింది. "నవ్వినోళ్ళు ముందుకి రాండప్పా. నేను ఇప్పుడే లైను వేస్తా, మీరు ఎక్కండి. మామా, నీ కొడుకు ఉండాడు కదా, ఎక్కించు."

"మావానికి ఏం తెలుసమ్మా ఆ పని?"

"మా అన్నకి బాగా తెలుసు. అందుకేనా బొగ్గయినాడు?"

వెంకటరామప్పకి ఓపిక అయిపోయింది. జోబులోంచి ఫోను తీసినాడు. "రేయ్ అమరా, పెండ్లాం కొంగు చాటున ఉండేటట్లయితే దిగిపోరా. చింతామణి నుంచి ఇంకొకడు వస్తాడు. ఒకడు లేకుంటే పనులు నిలిచిపోతాయా? నాగరాజ్ పోయినాడు, వెంటనే నువ్వు దొరకలేదా మాకు?"

ఆ మాట ఆయప్ప కోపంలో అనలేదు. మోటరు కాలిపోతే ఇంకొకటి తెస్తాం అన్నంత మామూలుగా అన్నాడు. పైన అమరనాథ్ వంగి ఆయప్ప మొగం దిక్కు చూసినాడు. ఇన్నాళ్ళూ గుండె గుండె అని పొగిడిన నోరు అదే.

"చిన్నాయనా," అన్నాడు ఆఖరికి, "అందరి బోర్లకాడికీ పోయి ఆటోలు తీసేసి రాండి. తిరిగి వచ్చేదంకా లైను రాదు."

ఒక్కరూ బోర్ల దిక్కు పోలేదు. వెంకటరామప్ప ఒక అడుగు హ్యాండిలు దిక్కుకి వేసినాడు.

"నేత్రా, దాన్ని వదలద్దు!" అమరనాథ్ గొంతు కీచుమనింది. ఆ గొంతులో భయం ఆమె ఎప్పుడూ వినలేదు. "ఎవురొచ్చినా వదలద్దు మే, నీకు దండం పెడతా!"

నేత్ర రెండు చేతులతో హ్యాండిలు గట్టిగా పట్టుకొని, వెంకటరామప్ప మొగంలోకి చూస్తా నిలబడింది. పైన అమరనాథ్ కరెంటు లేని వైరు ముట్టుకునే ముందు గూడా, ఆమె చేతులు హ్యాండిలు మీదనే ఉండాయా అని మల్ల మల్ల కిందికి చూస్తాండాడు.