గుండీకి సంబంధం

దర్జీ మాస్టారి కుక్క బరువు కిలోన్నర. నాలుగేళ్లు నిండినా ఆయన రెండు అరచేతుల్లో హాయిగా పట్టేది. దాన్ని ఇంటికి తెచ్చిన రోజే ఆయన భార్య, "కోటు మీంచి ఊడిపడ్డ గుండీలా ఉంది" అంది. ఆ పేరే ఖాయమైపోయింది. ఆమె పోయి రెండేళ్లు. నిరుడు కొడుకు పెళ్లయింది. కోడలు అత్తగారిని ఫొటోలో తప్ప చూడలేదు.

కింద కొట్టు, పైన ఇల్లు. కొడుకు బస్సు డ్రైవరు, కోడలికి మందుల షాపులో పని. పగలంతా మాస్టారికి గుండీయే తోడు. కత్తిరింపుల బల్ల కింద పీలికల బుట్టలో పడుకునేది. ఎవరైనా గడప తొక్కితే కొట్టు దద్దరిల్లేలా మొరిగేది, వాళ్లు ఇంకో అడుగు వేస్తే మాస్టారి కాళ్ల వెనక్కి దూరేది.

"మా పులి. అరుపులో లోటు లేదు, ధైర్యమే ఇంకా కుట్టాల్సి ఉంది" అనేవాడాయన.

ఒకరోజు వెనక వీధిలో ఉండే టీచరమ్మ స్కర్టు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చింది. ఆమె భుజానికున్న సంచిలోంచి గుండీ జాతిదే ఒక మగ కుక్క తల బయటపెట్టి చూస్తోంది.

"మాస్టారూ, మావాడికి పెళ్లీడొచ్చింది. మీ పిల్లనిస్తే మనం వియ్యాలవారం అయిపోతాం" అంది నవ్వుతూ.

"మా పిల్లకి వంట రాదండోయ్."

"మావాడికి తినడం తప్ప ఏదీ రాదు. ఈడూజోడూ కుదిరినట్టే. పుట్టినవాటిలో ఒకటి నాకివ్వండి, చాలు."

మాట నవ్వులాటగానే మొదలైంది కానీ మాస్టారి మనసులో పాతుకుపోయింది. సాయంత్రం కోడలు ఇంకా చెప్పులు విప్పకముందే చెప్పేశాడు. "ఈసారి ఎదకొచ్చినప్పుడు గుండీకి జత కట్టిద్దామమ్మా. ఇంట్లో ఓ పిల్ల తిరుగుతుంటే బాగుంటుంది."

"ఇదే ఇంత ఉంది మామయ్యా, దీని కడుపులో ఇంకోటా?"

"చీమలకి పిల్లలు పుట్టడం లేదూ? ఎవరి కొలతకి తగ్గట్టు వాళ్లకి పుడతారు."

"సరే. ముందోసారి డాక్టరుకి చూపిద్దాం."

కుక్క కాన్పుకి కూడా డాక్టరు సలహానా అని గొణిగాడు కానీ, కోడలి మాట తీసెయ్యలేదు.

డాక్టరమ్మ గుండీని తూచింది, నడుము తడిమింది, ఎక్స్‌రే తీసి వెలుగుకి పెట్టి చూపించింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న సున్నా చుట్టింది.

"పిల్ల బయటికొచ్చే దారి ఇంతే ఉంది పెద్దాయనా. ఈ జాతిలో పిల్లలకి తలకాయలు పెద్దవి. కడుపులో ఒక్కటే ఉంటే మరీ పెద్దదవుతుంది."

మాస్టారు ఆ సున్నా వంక చాలాసేపు చూశాడు. "అంటే, మెడ ఇరుగ్గా కత్తిరించిన చొక్కా. తల దూరదు."

"అంతే. చొక్కా అయితే మీరు కుట్లు విప్పి సరిచేస్తారు. ఇక్కడ నేను పొట్ట కోసి తియ్యాలి. ఒక్కోసారి తల్లీ పిల్లా దక్కుతారు. ఒక్కోసారి..."

"మరి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే?" అడిగింది కోడలు.

"నా కుక్కయితే నేను అదే చేయిస్తాను. అలా వదిలేస్తే ముందు ముందు గర్భసంచికి చీము పట్టొచ్చు. అయితే అబద్ధమెందుకు, ఇంత చిన్న ప్రాణికి మత్తు ఇవ్వడమూ తేలిక కాదు. రెండింట్లో ఇది తక్కువ ప్రమాదం. తొందరేం లేదు, ఆలోచించుకోండి."

ఆ తర్వాత మాస్టారు నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడు. ఒకరి ప్యాంటు అంగుళం పొట్టిగా కత్తిరించాడు. నలభై ఏళ్ల పనిలో అలా ఎప్పుడో గానీ జరగలేదు. సెలవు రోజున కోడలు రెండు గ్లాసుల టీతో కిందికొచ్చి, ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"పిల్ల మీద అంత మనసెందుకు పడింది మామయ్యా?"

ఆయన సూదిలోకి దారం ఎక్కించి, మళ్లీ లాగేశాడు.

"మీ అత్తయ్య ఇక్కడే కూర్చుని కాజాలు కుట్టేది. ఇది ఒళ్లో ఉండేది. ఆవిడ గొంతు విన్నది, ఆవిడ చేత్తో తిన్నది. మీ ఆయన పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాడు. ఈ కొట్టులో ఆవిడ తెలిసినవాళ్లం మేమిద్దరమే. కుక్కలు ఎన్నేళ్లుంటాయమ్మా? ఇదీ పోతే... దీని పిల్ల ఒకటుంటే ఆవిడది ఏదో కాస్త మిగిలినట్టుంటుందని."

కోడలు టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"పుట్టే పిల్లకి అత్తయ్య ఎవరో తెలియదు కదా మామయ్యా. నాకు తెలియనట్టే."

ఆయన తలెత్తి చూశాడు.

"నేనొచ్చి ఏడాదైంది. ఆవిడ గురించి అడుగుదామంటే, నాన్న బాధపడతారు అడక్కు అంటారు మీ అబ్బాయి. కాజాలు కుట్టేవారని నాకు ఇప్పుడే తెలిసింది. ఇంత మనిషిని ఎదురుగా పెట్టుకుని, చెప్పడానికి కుక్కపిల్ల కావాలా మీకు?"

మాస్టారికి నవ్వొచ్చింది, దాని వెనకే కళ్లలో నీళ్లొచ్చాయి. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. బుట్టలోంచి గుండీని ఎత్తుకుని, దాని వెచ్చటి పొట్ట కింద అరచెయ్యి పెట్టాడు.

"డాక్టరమ్మకి ఫోన్ చెయ్యమ్మా" అన్నాడు.

ఆపరేషన్ రోజున గంటలో అయిపోతుందన్నారు. గంట దాటింది, రెండు దాటాయి. కోడలు సెలవు పెట్టి వచ్చింది. మాస్టారు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు. చివరికి డాక్టరమ్మ తలుపు తీసింది.

"ఆపరేషన్ బాగానే జరిగింది. మత్తు ఇంకా వదల్లేదు, ఒళ్లు చల్లబడింది. వచ్చి పక్కన కూర్చోండి."

గుండీ తువ్వాలు చుట్టుకుని, వేడినీళ్ల సీసాల మధ్య పీలికలా పడి ఉంది. మాస్టారు దాని తల కింద చెయ్యి పెట్టాడు. ఏం చెయ్యాలో తోచక, ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి కోడలితో మెల్లగా మొదలుపెట్టాడు.

"మీ అత్తయ్యతో నాకు గొడవతోనే పరిచయం. నేను కుట్టిన కోటు పట్టుకొచ్చి ఎడం చెయ్యి పొడుగైందంది. నీ చెయ్యే పొట్టి అన్నాను."

"అయ్యో! ఏమన్నారు ఆవిడ?"

"కొలవమని చెయ్యి చాపింది. కొలిస్తే చెయ్యి సరిగ్గానే ఉంది. తప్పు నాదే. ఒప్పుకోడానికి వారం పట్టింది నాకు. ఆ వారమంతా రోజూ వచ్చి పోట్లాడేది. ఎనిమిదో రోజున రాకపోయేసరికి పని సాగలేదు."

కోడలు ఫక్కున నవ్వింది. గుండీ చెవి కదిలింది. కాసేపటికి కళ్లు సగం తెరిచి, ఎక్కడున్నానో అన్నట్టు చూసి, మాస్టారి బొటనవేలిని ఒక్కసారి నాకింది. మిగతా కథ ఆ రోజు చెప్పలేకపోయాడు.

కుట్లు నాక్కోకుండా ఆయనే మెత్తటి లైనింగ్ గుడ్డతో గుండీకి చిన్న చొక్కా కుట్టాడు. పదో రోజున కుట్లు విప్పారు. సంబంధం తప్పిపోయిందన్నందుకు టీచరమ్మ మొదట ముఖం చిన్నబుచ్చుకుంది. ఎక్స్‌రే సంగతి చెప్పాక, "బతికిపోయింది బంగారుతల్లి" అని గుండీ తల నిమిరి వెళ్లింది.

ఇప్పుడు సాయంత్రాలు కోడలు పైకెళ్లే ముందు కాసేపు కొట్టులో కూర్చుంటుంది. మాస్టారు బట్ట కత్తిరిస్తూ చెబుతాడు. చెప్పిందే మళ్లీ చెప్పినా ఆమె అడ్డుపడదు కానీ, తేడా వస్తే మాత్రం ఊరుకోదు.

"మొన్న నీలం కోటన్నారు మామయ్యా. ఇవాళ బూడిద రంగంటున్నారేంటి?"

ఆయన కత్తెర ఆపి ఆలోచించాడు.

"నీలమే. గుర్తుపెట్టుకో" అన్నాడు.