తొమ్మిదో వరస, పదమూడో మొక్క

బ్యాటరీల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ జాగాలో ఆవమొక్కలు వేశారు. మామూలు ఆవమొక్కలు కావు. జన్యువులేవో మార్చారట. ఇరవై రెండేళ్ళు మేం నేలలోకి ఒలకబోసిన సీసాన్ని అవి వేళ్ళతో తాగి ఆకుల్లో దాచుకుంటాయి. అప్పట్లో సీసం కరిగించిన నన్నే ఇప్పుడు వీటికి నీళ్ళు పోయడానికి పెట్టుకున్నారు.

ప్రతి సోమవారం మొక్కకు నాలుగాకులు కోసి, ఎండబెట్టి, దంచి, నంబరేసిన పొట్లం కట్టి, ఈ మొక్కల మీద పరిశోధన చేసే మేడమ్‌కివ్వాలి. ఏ ఆకులో ఎంత సీసముందో వారం తిరక్కుండా రిపోర్టు! ఆకుకున్న మర్యాద నాకేదీ? చేతులు వణుకుతున్నాయని, కడుపులో మెలిపెడుతోందని ఆనాడు ఫ్యాక్టరీ డాక్టరుతో చెప్పుకుంటే, "టీ మానెయ్" అన్నాడు. మానేశాను. వణుకు మాత్రం నన్ను మానలేదు.

నా ఒంట్లో సీసం ఎంతుందో తేల్చుకోవాలనిపించింది. రెణ్ణెల్లు గోళ్ళు కత్తిరించి అగ్గిపెట్టెలో దాచాను.

"లోకంలో గోళ్ళు కూడబెట్టే మొగుడు నాకే దొరికాడు," అంది మా ఆవిడ.

వాటిని ఆకురాయితో అరగదీసి, పొట్లం కట్టి, 'తొమ్మిదో వరస, పదమూడో మొక్క' అని రాశాను. ఆ వరసలో ఉన్నవి పన్నెండే.

వారం తిరిగేసరికి మేడమ్ జీపు దిగి పరుగున వచ్చింది.

"బాబాయ్! ఆ పదమూడో మొక్క మిగతావాటికి నాలుగింతలు తాగేసింది! దాని విత్తనం కావాలి నాకు!"

"విత్తనం వేసే వయసు దాటిపోయిందమ్మా దానికి."

"మూణ్ణెల్ల మొక్కకి వయసేంటి? ఎక్కడుంది?"

"మీ ఎదురుగానే నిలబడుంది."

గోళ్ళు చూపించాను. సంగతంతా చెప్పాను. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఆకును తిప్పి చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూసింది.

"జీపెక్కు. ఆస్పత్రికి."

"నీళ్ళు పెట్టాలమ్మా..."

"అవెక్కడికీ పోవు. ఎక్కమంటుంటే!"

రక్తం తీశారు. సీసం ఉంది. మందూ ఉందట. ఆస్పత్రిలో ఉన్నానని మా ఆవిడకు ఫోన్ చేశాను.

"ఏమన్నారు?" అని అడిగింది.

"మొక్కలన్నిటికంటే నేనే ఫస్టు."

"ఐదో తరగతి గట్టెక్కనోడికి రాక రాక ఇందులోనా ర్యాంకు!" అని తిడుతూనే ముక్కు చీదింది.

మందు వేసుకుంటే సీసం మూత్రంలో పోతుందన్నారు. తిరిగొస్తుంటే దారిలో మేడమ్ జీపు ఆపి మరీ చెప్పింది:

"బాబాయ్, నీకు పుణ్యముంటుంది. మొక్కల దగ్గర మాత్రం పోయకు."